అత్త పెళ్ళిలో ఆలస్యమైన అన్నం

మా చిన్నప్పుడు, మా మేనత్త పెళ్ళిలో... ఆకులు వేశారు, నీళ్ళు చల్లారు, కూరలన్నీ వడ్డించారు. అన్నం మాత్రం రాలేదు.

బంతి బంతంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంకాయ కూర, పప్పు, గోంగూర పచ్చడి, ఒక మూల లడ్డూ... మధ్యలో అన్నం పడే చోటు ఖాళీగా, పచ్చగా మెరుస్తోంది. ఫ్యాను గాలికి ఆకుల చివర్లు లేచి పడుతున్నాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

మాది బందరు వైపు నేతపని చేసుకునే ఇల్లు. మా వీధిలో ఎవరింట పెళ్ళయినా వంటమాస్టరు వచ్చి పొయ్యి తవ్వేవాడు. ఆడవాళ్ళంతా చేరి కూరగాయలు తరిగేవాళ్ళు. కానీ అత్తకి విజయవాడ భవానీపురం సంబంధం కుదిరింది. బట్టల షాపు వాళ్ళు. వాళ్ళ ముందు తక్కువ కాకూడదని నాన్న విజయవాడ కేటరింగ్ మాట్లాడాడు. టోపీలు పెట్టుకుని వడ్డిస్తారంట అని పిల్లలం ముందు రోజంతా చెప్పుకున్నాం...

కూరలు మొదటి వ్యానులో వచ్చాయి. అన్నం వేడివేడిగా ఉండాలి కాబట్టి రెండో వ్యానులో పంపుతానన్నాడట కేటరింగ్ ఆయన. ఆ వ్యాను ఎంతకీ రాదు. నాన్న ఫోను చేస్తే, "బెంజ్ సర్కిల్ దాటేశామండీ... వచ్చేస్తన్నామండీ" అంటాడు. ఎప్పుడు చేసినా ఇంకా విజయవాడలోనే, ఆ బెంజ్ సర్కిల్ దాటుతూనే ఉన్నాడు. అదే ముహూర్తానికి ఇంకో పెద్ద పెళ్ళి ఒప్పుకున్నాడనీ, మా అన్నం ముందు అక్కడికి వెళ్ళిందనీ తర్వాత తెలిసింది.

మొదట్లో అంతా నవ్వులాటే. పెళ్ళికొడుకు మేనమామది పెద్ద గొంతు.

"ఏమయ్యా, మీ వైపు కూరలో పప్పు కలుపుకుని తింటారా?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. "వచ్చేస్తందండీ... ఈలోపు లడ్డూ తినండి."

"లడ్డూ కోసమా ఇంత దూరం వచ్చింది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాయనమ్మ మండపం వెనక గుమ్మంలోంచి, పక్కనే ఉన్న మా వీధి వైపు పరిగెత్తింది. "పొయ్యిలు వెలిగించండే తల్లుల్లారా... ఎవరింట్లో ఏ బియ్యం ఉంటే అవే పడెయ్యండే..."

ఇక్కడ బంతి మొదట్లో పెళ్ళికొడుకూ, అత్తా పక్కపక్కన కూర్చున్నారు. అత్త కొంగుకీ ఆయన కండువాకీ ముడి వేసి ఉంది.

మేనమామ లేచాడు. "లేవరా! ఆకు ముందు కూర్చుని అన్నం కోసం చూసే ఖర్మ మనకేంటి?"

పెళ్ళికొడుకు ఒకసారి ఆకు వంక చూశాడు. లేచాడు. లేవగానే ముడి లాగింది... అత్త తలెత్తి చూసింది. ఆయన కాస్త ఆగి, భుజం మీది కండువా తీసి, అత్త ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ వెంటనే వాళ్ళ వాళ్ళంతా లేచారు. అన్ని ఆకుల మధ్య అత్త ఒక్కతే మిగిలింది... నుదుటన బాసికం, ఒళ్ళో కండువా. నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి పక్కన కూర్చోబోయాను.

"వద్దమ్మా... అది మీ మావయ్య చోటు" అంది.

మా వీధి ఆడవాళ్ళు కుక్కర్లతో, గిన్నెలతో వచ్చేదాకా అలాగే కూర్చుంది. ఒక గిన్నెలో సన్నన్నం, ఒక గిన్నెలో కోటా బియ్యం అన్నం. నాన్న బయటికెళ్ళి మేనమామ చేతులు పట్టుకుని బతిమాలాడు. అందరూ తిరిగొచ్చారు. పెళ్ళికొడుకు కండువా మళ్ళీ భుజాన వేసుకుని భోంచేశాడు. ఫొటోలు కూడా తీశారు. అత్త నోట్లో ముద్ద పెట్టుకుందో లేదో ఎవరూ చూడలేదు. నేను చూశాను... పెట్టుకోలేదు.

భోజనాలయ్యాక వ్యాను వచ్చింది. "తప్పైపోయిందండీ" అని చేతులు జోడించాడు కేటరింగ్ ఆయన. నాన్న అతన్ని కొట్టినంత పని చేశాడు.

ఇప్పుడది మా ఇంట్లో నవ్వుకునే కథ. ఎవరైనా ఆలస్యం చేస్తే, "ఏం, బెంజ్ సర్కిల్ దాటావా?" అంటారు. మావయ్య కూడా నవ్వుతారు. అత్త మాత్రం లేచి వంటింట్లోకి వెళ్తుంది.

నా పెళ్ళి కుదిరాక ఒకరోజు ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "ఆ కేటరింగ్ ఆయన మీద ఇంకా కోపమా అత్తా?"

"ఆయన మీద ఎందుకే... అన్నం ఆలస్యంగానైనా వచ్చింది."

చేతిలో ఉన్న చీర మడత పూర్తి చేసింది.

"ముడి విప్పుకుని వెళ్ళినా బాగుండేదే. కండువా తీసి ఒళ్ళో పెట్టి వెళ్ళారు... చంటిపిల్లని ఇచ్చి వెళ్ళినట్టు. మీ మావయ్య మంచోరే. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఎప్పుడు పక్కన కూర్చుని తింటున్నా, మధ్యలో లేస్తారేమో అని ఒక కన్ను అటే ఉంటుంది..."

ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా పెళ్ళిలో, నేను తినేదాకా అత్త నా వెనకే నిలబడింది. ఎవరు పిలిచినా కదల్లేదు.

మొన్న విజయవాడలో ఒక పెళ్ళికి వెళ్ళాం. అంతా బఫే... దోసెలు, ఐస్‌క్రీములు, ఇంకా పేర్లు తెలియనివి ఎన్నో. ప్లేటు పట్టుకుని అందరూ తలో దిక్కున తింటున్నారు. అత్త ప్లేటు తీసుకోకుండా, ఎదురొచ్చిన వాళ్ళనల్లా ఒకటే అడుగుతోంది.

"పెళ్ళికూతురు తిందా అండీ?"

ఎవరికీ తెలియదు. స్టేజి మీద ఆ అమ్మాయి ఫొటోలకి నవ్వుతూనే ఉంది...

ఒకప్పుడు భోజనాల దగ్గర ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో బంతిలో అందరికీ కనపడేది. ఇప్పుడు ఎవరూ ఎవరినీ చూడటం లేదు. మీ ఇళ్ళ పెళ్ళిళ్ళలో ఆ మాట అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి రాయండి... మా అత్తకి చదివి వినిపిస్తాను.