గొంగడిలోకి పోయిన చెయ్యి

బిందెలు అమ్ముకునే రోజుల్లో, తొంభైల్లో, గుంటూరు నుంచి వచ్చి ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కాను. నా పక్కన, పశువుల నుంచి మనుషులకు అంటుకునే రోగాలను వెతుకుతూ తిరిగే పశువుల డాక్టరు. ముందు సీట్లో ముసలి గొర్రెల కాపరి, ఎండలోనూ గొంగడి కప్పుకుని వణుకుతున్నాడు.

“నెలల తరబడి జ్వరం వచ్చి పోతా ఉండాది సార్,” అన్నాడు.

“పుట్టి ఊపిరి తీయని గొర్రెపిల్ల నోట్లో ఊదుతావా?” అడిగాడు డాక్టరు.

“ఊదకపోతే అది బతికేదెట్ట?”

“గొర్రెల రోగమే నీకూ అంటినట్టుంది పెద్దాయనా. చెయ్యి చాపు, రక్తం పరీక్షకు పంపిస్తా.”

నేను ఊరుకోలేదు. “తాతా, ముందు ఒకసారి మే అని చూడు!”

బస్సంతా నవ్వింది. చాపిన చెయ్యి గొంగడిలోకి పోయింది. “నేనేమన్నా గొర్రెనా, పశువుల డాక్టరుకు చూపించుకునేదానికి?” అంటూ ముసలాయన తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

డాక్టరు నన్ను తిట్టలేదు. “మందులకు తగ్గే జ్వరమయ్యా అది,” అన్నాడంతే.

చిన్నప్పుడే బడి మానేసిన నాకు వచ్చిన విద్య నవ్వించడమొక్కటే. ఆ రోజు అది కూడా రాకపోయుంటే బాగుండేది.