దుకాణం దినం, దేవుని దినం

ఆ రోజుల్లో నాకు బైబిలు వాక్యం తెలిసినంతగా లోకం తెలియదు. కొత్త రాష్ట్రం వచ్చి రెండేళ్లయి ఉంటుంది. డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూస్తూ, దేవరకొండ దగ్గర మా ఊరి సంఘంలో యువజన కార్యదర్శిగా వెలుగుతున్నాను. (జీతం లేని పదవి కాబట్టి పోటీ లేదు.) చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చెప్పి గెలుచుకున్న స్టీలు గ్లాసులు మా ఇంట్లో పదకొండు ఉండేవి. ఏ తగవునైనా వాక్యంతో నెగ్గవచ్చునని ఆ గ్లాసులే నాకు నేర్పాయి. అలా నెగ్గిన ఒక తగవు గురించి రాస్తుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ ఏడు మా సంఘంలో ప్రసంగాలు, పాటలతో ఉజ్జీవ కూటాలు పెట్టుకున్నాం. శామియానా, కుర్చీలు, మైకు మాట్లాడే పని నాకు అప్పగించారు. దేవరకొండలో టెంటు సామాను కిరాయికిచ్చే ముసలాయనను అందరం చాచా అనేవాళ్లం. "దినానికి మూడు వేలు బేటా. అన్నీ అండ్లనే" అన్నాడు చాచా. "సరే చాచా" అన్నాను. అంతే ఒప్పందం, కాగితం లేదు, కలం లేదు. ఆ దుకాణంలో దినమంటే ఏమిటో నాకు తెలియదా అంటే, తెలుసు. అక్క పెళ్లికి సామాను అక్కడి నుంచే తెచ్చాం. సామాను దుకాణం గడప దాటిన రోజు, తిరిగి గడప తొక్కిన రోజు, రెండూ లెక్కలోకి వస్తాయి. బాపు ఆ లెక్క ప్రకారమే మారుమాట లేకుండా కట్టాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. (ఇక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోదలచినవారు తిట్టుకోవచ్చు.)

శుక్రవారం దీపాలు పెట్టే వేళకు సామాను దిగింది. రెండు రాత్రులు కూటాలు బాగా జరిగాయి. ఆదివారం ఆరాధన, భోజనాలు అయ్యాక కానుకల సంచి ముందేసుకుని కూర్చున్నాను. శుక్ర, శని, ఆది, మూడు దినాలకు తొమ్మిది వేలు. సంచిలో తొమ్మిది వేల చిల్లర ఉంది. కట్టేస్తే చిల్లరే మిగులుతుంది. కార్యదర్శి అన్నాక ఎంతో కొంత మిగిల్చి చూపించాలి కదా అనుకున్నాను. అప్పుడు తట్టింది నాకు, బైబిలు మొదటి పేజీలో సృష్టి జరిగిన వారంలో దినం సాయంత్రంతో మొదలవుతుందని! ఆ లెక్కన శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా ఒకటి, అక్కడి నుంచి ఆదివారం సాయంత్రం దాకా రెండు. పొద్దుగూకే లోపు సామాను దుకాణం చేరితే రెండే దినాలు, ఆరే వేలు.

ఇక చూడాలి నా ఉరుకులు. శామియానా గుంజలు నేనే పీకాను, కుర్చీలు ఆరేసి చొప్పున నెత్తిన పెట్టుకుని ట్రాలీ ఆటో దాకా మోశాను. మా పాస్టరయ్య చూసి, "కార్యదర్శి అయ్యుండి ఎంత తగ్గింపు మనసు, చూడండి!" అని అందరికీ చూపించాడు. నేను పడమటి దిక్కు చూసుకుంటూ మోస్తూనే ఉన్నాను.

పొద్దు ఇంకా ఉండగానే దుకాణం చేరి ఆరు వేలు చేతిలో పెట్టగానే చాచా లెక్కపెట్టి, "మిగతాయి?" అన్నాడు. నేను గొంతు సవరించుకుని సృష్టి మొదటి దినం నుంచి అందుకున్నాను. చాచా అంతా విని పకపకా నవ్వాడు.

"అరె, మా దగ్గర గూడ దినం పొద్దుగూకే మగ్రిబ్ నమాజ్ కాడికెళ్లే షురూ అయితది బేటా. చాంద్ కనబడ్డ రాత్రే రంజాన్ మొదలు. గని కిరాయి లెక్క ఆస్మాన్‌ల ఉండదు, దుకాణంల ఉంటది."

"వాక్యం వాక్యమే కదా చాచా" అన్నాను.

చాచా నవ్వు ఆగిపోయింది. "నువ్వు దేవుని మాట తీసుకొచ్చినవ్. దానికి నేను అడ్డం మాట్లాడ. పో" అని నోట్లు గల్లాలో వేసుకుని ముఖం తిప్పుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

గెలిచినవాడు ఊరుకుంటాడా? తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, ప్రభువు నాకు జ్ఞానమిచ్చి సంఘానికి మూడు వేలు ఎలా మిగిల్చాడో వివరంగా చెప్పాను. "ఆమెన్" కోసం ఆగాను. ఆమెన్ రాలేదు. ఆడవాళ్ల వైపు నుంచి పెద్దమ్మ లేచింది. చుట్టం కాదు కానీ కలుపు కూలీల గుంపుకు పెద్ద కాబట్టి ఊరందరికీ పెద్దమ్మే.

"ఆగు బిడ్డా. నేను పొద్దుగాల కలుపుకు పోయి పొద్దుమూకి ఇంటికొస్త. నీ లెక్కల అది సగం దినమే గద?"

నేను వేళ్ల మీద లెక్కపెట్టబోయాను.

"జర మా పటేలుకు జెప్పకు కొడుకా, సగం కూలి చేతుల వెట్టి పంపుతడు!"

చాపల మీద కూర్చున్నవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. వాళ్లలో ముప్పాతిక మంది దినం కూలి మీద బతికేవాళ్లే. నవ్వు అణిగాక పెద్దమ్మ మెల్లగా, "గా చాచా గూడ దినం లెక్క మీద బతికెటోడే బిడ్డా" అని కూర్చుంది. నా తల చాప దాకా వంగింది.

ఆరాధన అయ్యాక పాస్టరయ్య సంచిలోంచి మూడు వేలు తీసి నా చేతిలో పెట్టాడు. "మీరు కూడా వస్తారా అయ్యగారూ?" అన్నాను. "నోరు నీదే గద తమ్మీ, కాళ్లు గూడ నీవే కావాలె" అన్నాడు. కిందటి ఆదివారం కుర్చీలతో పాటు నా నెత్తిన చూసిన తగ్గింపు అంతా ఆయన కళ్లలోంచి దిగిపోయింది.

మర్నాడు దుకాణం మెట్లెక్కుతుంటే లోపల చాచా ఎవరితోనో కిరాయి మాట్లాడుతున్నాడు. "దినానికి మూడు వేలు. గని ముందుగాల్నే జెప్పు, దుకాణం దినమా, దేవుని దినమా? నిన్నగాక మొన్న ఒకాయన దేవుణ్ణి తీసుకొచ్చి నాకు మూడు వేలు బొక్క వెట్టిండు." వచ్చినాయన నవ్వాడు. నా పేరు ఎక్కడా రాలేదు, దేవుని పేరే వచ్చింది. అదే నన్ను కోసింది. నా పదకొండు గ్లాసుల చదువుతో దేవుణ్ణి కిరాయి ఎగ్గొట్టేవాడిగా చేశాను.

మూడు వేలు ముందు పెట్టి, "దుకాణం దినమే చాచా. నాకు ముందే తెలుసు. తెలిసే అట్ల మాట్లాడిన" అన్నాను. వద్దంటాడేమో, భుజం తడతాడేమో అనుకున్నాను. చాచా వేలు తడుపుకుని రెండుసార్లు లెక్కపెట్టి గల్లాలో వేసుకున్నాడు. "తెల్సే జేసినవని ఒప్పుకున్నవ్ సూడు, గది మంచిగ జేసినవ్" అని మాత్రం అన్నాడు.

నెల తిరక్కుండా ఆ దుకాణంలో రంగుతో రాసిన బోర్డు వెలిసింది: "దినము అనగా సామాను పోయిన రోజు, వచ్చిన రోజు కలిపి. వాదన లేదు." ఇప్పుడు నేను బడిలో పంతులును. బడి కార్యక్రమాలకు కుర్చీలు ఇప్పటికీ అక్కడే తెస్తాను. మొన్నొక కుర్రాడు బోర్డు చదివి, "వాదన లేదు అని ఎందుకు రాసిండ్రు తాతా?" అని అడిగాడు. చాచా నా వైపు ఓరగా చూసి, "ఒక పెద్ద పండితుడు రాయించిండు తమ్మీ" అన్నాడు. నేను కుర్చీలు లెక్కపెట్టడంలో మునిగిపోయాను. ఆ పండితుడు ఇప్పుడెక్కడైనా ఎదురుపడితే గట్టిగా తిట్టబుద్ధి కావడం లేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ముందు కిరాయి కట్టి రా నాయనా, తర్వాత వాక్యం చెబుదువుగానీ" అనాలనిపిస్తుంది.