నా నక్షత్రం మింగబోయిన సంబంధం

కాఫీలో ఉప్పు పడో, వియ్యంకుడు అలిగో సంబంధాలు తప్పిపోవడం మీరు విని ఉంటారు. నాది మాత్రం ఆకాశంలో కోట్ల కోట్ల మైళ్ల అవతల తిరుగుతున్న ఒక గ్రహం వల్ల తప్పిపోబోయింది. పాపం, గ్రహం తప్పేమీ లేదు. తప్పంతా నా నోటిదే.

స్మార్ట్‌ఫోన్లు రాజాం దాకా అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నేను అక్కడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, పరిశోధన పేరుతో ఒక నక్షత్రాన్ని పట్టుకు వేలాడుతున్నాను. సబ్‌జెయింట్ అంటారు దాన్ని. అంటే నడివయసు దాటి, ఒళ్లు చేయడం మొదలుపెట్టిన నక్షత్రం. పోనుపోను ఉబ్బి రాక్షస నక్షత్రమైపోతుంది. దాన్ని ఆనుకున్నట్టే ఒక గ్రహం తిరుగుతోంది. బస్సులో కండక్టర్ “ఎక్కడికి?” అన్నా నాకు ఆ జంటే గుర్తొచ్చేది.

అలాంటి నన్ను మావయ్య శృంగవరపుకోటలో ఒక బియ్యం వ్యాపారి ఇంటికి పెళ్లిచూపులకు తీసుకెళ్లాడు. పిల్ల పేరు సుజాత. పక్కనే వాళ్ల నాయనమ్మ.

“మావోడు నక్సత్రాల మీద పని సేస్తన్నాడమ్మా,” అన్నాడు మావయ్య గర్వంగా.

“మంచిది. నీది ఏ నక్సత్రం బాబూ?” అంది నాయనమ్మ.

నా పని గురించి ఒక మనిషి నోరారా అడగడం అదే మొదలు. పొంగిపోయాను.

“రాక్షస జాతిదండీ. ఇంకా పూర్తిగా కాలేదు, సగం దారిలో ఉంది.”

నా వైపు వస్తున్న పకోడీల పళ్లెం ఆవిడ చేతిలోనే ఆగిపోయింది.

“మరి గ్రహాలో?”

“ఒక్కటే ఉందండీ. పాపం, మరీ దగ్గరగా తిరుగుతోంది.”

“తిరిగితే ఏటవుతాది?”

“నక్షత్రం దాన్ని మింగేస్తుందండీ. తప్పదు.”

మావయ్య నా కాలు తొక్కాడు. నా ప్రసంగానికి మెచ్చుకోలనుకున్నాను. సుజాత తండ్రి మొహం పాలిపోయింది.

“శాంతి ఏటైనా సేయిస్తే తగ్గుతాదా బాబూ?”

“లాభం లేదండీ. చూస్తూ కూర్చోవడమే.”

పళ్లెం వెనక్కి వెళ్లిపోయింది. ఆయన లేచి మావయ్యకు నమస్కారం పెట్టబోయాడు. అప్పుడు వినిపించింది సుజాత గొంతు.

“మింగడానికి ఇంకా ఎన్నాళ్లు పడతాదండీ?”

“కొన్ని కోట్ల సంవత్సరాలు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “నాయనమ్మా, ఆయన సెప్పింది జాతకం కాదు. ఆకాశంలో నక్సత్రం గురించి.”

అప్పటికి గానీ నాకు విషయం తలకెక్కలేదు. “అయితే నీ నక్సత్రమేటిరా?” అని మావయ్య పళ్లు నూరాడు. నాకు తెలిస్తే కదా. అక్కడికక్కడే అమ్మకు ఫోన్ చేశాను.

“పుస్యమి. ఇప్పుడెందుకురా?” అంది అమ్మ, గదంతా వినపడేలా.

“పుస్యమా, దేవగణం,” అంటూ నాయనమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. అందరికంటే పెద్ద ఊపిరి నాది.

బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర సుజాత మెల్లగా అడిగింది. “ఇంతకీ నన్ను సూసేరా?”

చూడలేదు. గంటసేపూ నక్షత్రం వర్ణనలోనే ఉన్నాను. ఆ మాటే చెప్పేశాను.

“అయితే ఇప్పుడు సూడండి,” అంది.

చూశాను.

ఇక ఈ జన్మలో పెళ్లిచూపులకు వెళ్లనని ఆ రోజే ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఇన్నేళ్లుగా దాన్ని సుజాతే దగ్గరుండి అమలు చేయిస్తోంది.