ప్రవరతో వేసిన తాళం

అద్దంకిలో బ్రాహ్మణుల ఇళ్లలో పెళ్లి కుదరాలంటే ముందు జానకిరామయ్యగారి గడప తొక్కాలి. ఆయన పురోహితుడు. ఏ పిల్లకు ఫిట్స్ మందులు నడుస్తున్నాయో, ఏ పిల్లవాడు దత్తత వచ్చాడో అన్నీ ఆయనకు తెలుసు. తెలియకపోతే ఎలా? దత్తత వెళ్లినవాడికి పుట్టిన గోత్రంలోనూ పిల్లను చేయకూడదాయె! అందుకే అన్నీ రాసి పెట్టుకుంటాడు. ఎవరికీ చెప్పడు, కట్టుకున్న భార్యకైనా సరే.

ఈ గుట్లన్నీ పోయినేడాది ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాయి. ఎక్కించింది ఒక్కగానొక్క కొడుకు శరత్‌చంద్ర. గుంటూరులో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు.

"ఇది ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ నాన్నగారూ. రాసిందంతా గజిబిజి చేసి దాచేస్తుంది. పాస్‌వర్డ్ లేకపోతే బ్రహ్మదేవుడు దిగొచ్చినా చదవలేడు. పొడుగ్గా, మీరు మరిచిపోనిది పెట్టుకోండి. నాక్కూడా చెప్పకండి."

ఆయన చెప్పలేదు. తన ప్రవర పెట్టుకున్నాడు. ఆంగీరస, బార్హస్పత్య, భారద్వాజ. ఋషుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఏ దొంగవెధవకు తడుతుందిలే అని లోలోపల మురిసిపోయాడు కూడా. హవ్వ! రోజూ సంధ్యవార్చి గొంతెత్తి చెప్పేది ఏమిటయ్యా మహానుభావా? ఒడుగునాడు కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని, తప్పు పోయినప్పుడల్లా తొడపాశం పెట్టి వల్లెవేయించింది ఏమిటి?

ఆ ఆదివారం గృహప్రవేశం చేయించి ఇంటికొచ్చేసరికి శరత్‌చంద్ర ఉయ్యాలబల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మొదటిసారికే తెరుచుకుంది నాన్నగారూ," అన్నాడు.

జానకిరామయ్య దగ్గరికొచ్చి తెరకేసి చూశాడు.

"మహతితో నాకు జాతకాలు కలవలేదన్నారు. దివ్యంగా కలిశాయని ఇందులో మీరే రాశారు."

మహతిది సత్తెనపల్లి. శరత్‌తోపాటే పనిచేస్తుంది. వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు. పోయిన నెల ఆ సంబంధాన్ని ఈయనే తోసిపుచ్చాడు.

"దాని కింద ఇంకో మాట రాశారు. శరత్‌ని కన్నవాళ్లది కౌండిన్యస గోత్రం, పిల్లదీ అదే, చేయకూడదు అని." పిల్లవాడు తలెత్తి ఆయన ముఖంలోకి చూశాడు. "నన్ను కన్నవాళ్లెవరు?"

మంచినీళ్లు తెస్తున్న భార్య శ్యామలాంబ చేతిలోంచి గ్లాసు జారిపడింది. ఆవిడ గుమ్మంలోనే కూలబడి, "ఎందుకు రాశారండీ? ఎందుకు రాశారు?" అని నెత్తి కొట్టుకుంది. పురిటికందును ఒళ్లో వేసుకున్ననాటి నుంచి ఆవిడ ఆ మాట నోటివెంట రానివ్వలేదు. తన తర్వాత పొరపాటు జరగకూడదని ఆయన రాశాడు. చూడండి, ఎంత జాగ్రత్తో!

"కన్నతల్లి నీ పురిట్లోనే పోయిందిరా," అన్నాడు జానకిరామయ్య. "తండ్రి కూడా ఏడాది తిరక్కుండా పోయాడు."

"మహతివాళ్లు నాకు చుట్టాలా?"

"కాదురా. రక్తసంబంధం ఏమీ లేదు. కానీ పుట్టిన గోత్రం వదలదు. శాస్త్రం ఒప్పుకోదు."

"అయితే ఒక్కటి చెప్పండి. నేను భారద్వాజుణ్ణయితే మహతిని చేసుకోవచ్చు. కౌండిన్యుణ్ణయితే, మీరు నాకేమవుతారు?"

ఊరందరి ధర్మసందేహాలూ తీర్చే మనిషి ఉయ్యాలబల్ల గొలుసు పట్టుకున్నాడు. శరత్‌చంద్ర ల్యాప్‌టాప్ మూసి, బ్యాగు భుజాన వేసుకున్నాడు. వీడు ఈ గడప దాటితే మళ్లీ రాడేమోనని ఆయనకు భయం పట్టుకుంది.

"ఆగరా!" అని అరిచి, ఫోన్ తీసి సత్తెనపల్లికి కలిపాడు. మహతి తండ్రి ఎత్తాడు.

"నమస్కారమండీ, అద్దంకి నుంచి జానకిరామయ్యను. జాతకాలు కలవలేదని మీకు అబద్ధం చెప్పానండీ. బ్రహ్మాండంగా కలిశాయి. మావాణ్ణి మేం దత్తత తీసుకున్నాం. కన్నవాళ్లది మీ గోత్రమే. అది మీకు అభ్యంతరం కాకపోతే మాకు సమ్మతమే."

ఇన్నాళ్లూ దాచిన మాట వీధి వీధంతా వినబడేలా చెప్పేశాడు. అవతలాయన ఏదో అడిగాడు. శరత్‌చంద్ర గుమ్మంలో ఆగి చూస్తున్నాడు.

"మావాడి గోత్రమా?" అన్నాడు జానకిరామయ్య, కళ్లు తుడుచుకుంటూ. "భారద్వాజసండీ. నా కొడుక్కి ఇంకే గోత్రం ఉంటుందండీ?"