అక్కతో వచ్చిన పిల్ల

మొన్న ఆబిడ్స్‌లో ఒక దుకాణం ముందు నిలబడితే లోపలినుంచి గులాబీ పౌడరు వాసన వచ్చింది. అమ్మ వాసన అది. లోపలికి వెళ్ళకుండానే ముందుకు నడిచాను.

నాకు ఆరేళ్ళప్పటి మాట. అమ్మ చాలా అందంగా ఉండేది. ఆ సంగతి క్షణం కూడా మరిచిపోయేది కాదు. గడప దాటే ముందు నాకు చెప్పేది: "బయట అమ్మా అని పిల్వకు, అక్కా అను. గింత బిడ్డ ఉన్నదంటే నన్ను ముసల్దనుకుంటరు." అదొక ఆట అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో, ఆమె గాజుల దుకాణం అద్దంలో తనను చూసుకుంటుండగా నేను జనంలో తప్పిపోయాను. ఏడుస్తుంటే ఒక పెద్దాయన మైకు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మీ అమ్మ ఏది బిడ్డా?"

"అమ్మ రాలే. అక్కతోటి వచ్చిన."

మైకులో అలాగే చెప్పారు. చాలాసేపటికి అమ్మ నింపాదిగా వచ్చింది. జుట్టు కాస్త కూడా చెదరలేదు.

"చెల్లెను జర చూసుకోవాలె గదమ్మా," అన్నాడాయన.

అమ్మ ముఖం వెలిగిపోయింది. బయటికి రాగానే వంగి నన్ను ముద్దు పెట్టుకుంది. "శభాష్ బిడ్డా, మంచిగ చెప్పినవ్!"

నాకు గుర్తున్నంతలో ఆమె పెట్టిన ముద్దు అదొక్కటే. ఇల్లు చేరేదాకా గర్వంగా నడిచాను.

చాలా ఏళ్ళకు, గౌలిగూడ బస్టాండులో బస్సుల మధ్య నా కూతురు రెండు నిమిషాలు కనబడలేదు. చెప్పులు ఎక్కడ వదిలేశానో తెలియకుండా, దాని పేరు అరుస్తూ పరుగెత్తాను. దొరికాక దాన్ని పట్టుకుని అక్కడే కూలబడ్డాను. అమ్మ మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది అప్పుడే.