పట్టు హన్మాండ్లు

హన్మాండ్లుది ఆర్మూరు పక్క పల్లె. సౌదీలోని దమ్మామ్‌లో మా కంపెనీలో స్లాబులకు ఇనుప చువ్వలు వంచి, తీగతో కట్టే పని. నేను అదే కంపెనీలో బస్సు డ్రైవర్ని, కడప బాబ్జాన్‌ని. ఆయన కబడ్డీ జీవితం మొదటినుంచీ చూసినవాణ్ణి నేనే కాబట్టి చెప్పే హక్కు కూడా నాదే. ఆయన్నడిగితే ఊళ్లో ఉండగా జిల్లా తరఫున ఆడానంటాడు. ఏ జిల్లా అని మాత్రం అడక్కూడదు, రోజుకో పేరు చెబుతాడు.

తొంభై ఒకటి జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైంది. సైరన్ మోగితే సైటు పని బంద్. మూడొందలమంది మగాళ్లం క్యాంపులో కూర్చుని ఆకాశం వంక చూడటమే పని. నాలుగు రోజులు భయపడ్డాం, ఐదో రోజుకి విసుగొచ్చింది. వంటవాడు యాదగిరి డబ్బాలో సున్నం తెచ్చి ఇసుక మీద గీత గీశాడు. అలా మొదలైంది కబడ్డీ.

కూతకు వెళ్తే హన్మాండ్లు దండగ. గీత దాటి నాలుగడుగులు వేసేలోపే దమ్ము అయిపోయేది, అంతా సిగరెట్ల పుణ్యం. కానీ ఎదుటివాడి కాలు దొరికితే మాత్రం వాడి పని అయిపోయినట్టే. పన్నెండేళ్లు ఇనుము వంచిన చేతులవి. ఒకసారి ఆట మధ్యలో సైరన్ మోగింది. అందరం లోపలికి పరుగెత్తాం. ఈయన మాత్రం ఒక పెషావర్ డ్రైవరు చీలమండ పట్టుకుని అక్కడే బోర్లా పడుకున్నాడు. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

“ఇడువన్నా, పైనుంచి బాంబు పడ్తాది,” అని నేను తలుపు దగ్గర్నుంచి అరిచాను.

“పాయింటు రాస్కో భాయ్, గప్పుడు ఇడుస్త,” అన్నాడు.

రాసుకున్నాను. ఏం చేస్తాను, రిఫరీని నేనే కదా. ఆ రోజు నుంచి ఆయన పేరు పట్టు హన్మాండ్లు.

యుద్ధం అయ్యాక ఎక్కడ చూసినా కొత్త కట్టడాలు, కొత్త క్యాంపులు, శుక్రవారం శుక్రవారం మ్యాచులు. మా ఫోర్‌మన్ ఈయన్ని పక్క గోడౌన్ క్యాంపుకి ఒక్కపూట అరువిచ్చి బదులుగా అర మేక తెప్పించుకునేవాడు. కాగితాల మీద వీసా ఇచ్చి తెప్పించుకున్న కఫీలు ఒక్కడే, కబడ్డీలో మాత్రం వారానికో యజమాని. హన్మాండ్లుకి దక్కేది రెండు ముక్కలు, బోలెడంత పొగడ్త. ఆ పొగడ్తకే ఆయన పొట్ట నిండిపోయేది.

తొంభై నాలుగులో ఆడుతూ పడి మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్నాడు. అప్పట్లో వాళ్ల ఊళ్లో ఫోను లేదు. ఇక్కడివాళ్లు మాటలు క్యాసెట్లో రికార్డు చేసి పంపేవాళ్లు, అక్కడివాళ్లూ అంతే. ఆయన భార్య ముత్యవ్వ టేపు రెండు నెలలకొకటి వచ్చేది. దాన్ని రీలు అరిగేదాకా వినేవాడు. ఎముక సంగతి ఎవరి ద్వారానో తెలిసి, ఆవిడ టేపులో ఒక్కటే చెప్పింది.

“ఇగ ఆడనని ఒట్టెయ్యి. మళ్ల ఆడినవని తెలిస్తే నా గొంతు నీకు వినబడది.”

హన్మాండ్లు మా అందరి ముందూ టేపులో ఒట్టేశాడు. కట్టు విప్పాక మూడో శుక్రవారానికే ఇసుకలో ఉన్నాడు. సిగ్గుండాలా అని తిట్టాను. తిట్టి, నేనే బస్సులో ఎక్కించుకుని వెళ్లాను.

మరుసటేడు పండుగ సెలవుల్లో ఉనైజా ఖర్జూర తోటల్లో పనిచేసేవాళ్ల జట్టు అంత దూరం నుంచి ఆడటానికి వచ్చింది. నాకు కామెంట్రీ పిచ్చి. హన్మాండ్లు టేప్‌రికార్డరు ఎత్తుకొచ్చి, అందులో ఉన్న క్యాసెట్ తిప్పిపెట్టి, బటన్ నొక్కి మొదలుపెట్టాను. మా గొప్పగా చెప్పాను, దాచుకోవడం దేనికి. చివర్లో హన్మాండ్లు ఒకడి కాలు పట్టాడు, ఇంకొకడి మోకాలు ఆయన తలకి తగిలింది. “హన్మాండ్లు పడిపోయాడు, కదలట్లేదు,” అని అరుస్తుండగా టేపు అయిపోయింది. నీళ్లు కొడితే లేచి, పాయింటు వచ్చిందా అనడిగాడు.

ఆ క్యాసెట్ మొదటి వైపు ముత్యవ్వకి చెప్పిన మాటలున్నాయని నాకేం తెలుసు? మర్నాడు రూంలో ఉండే నర్సింలు దాన్ని తీసి, పైన ఊరి పేరు చూసి పోస్టులో వేసేశాడు.

తెలిశాక హన్మాండ్లు తింటున్న పళ్లెం పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

“ఎట్ల భాయ్, పాత మ్యాచి అని చెప్పాల్నా?”

“ఈ పండగ మ్యాచని, నీ పేరుతో సహా అరిచినానే.”

“ఇంకో హన్మాండ్లు అంటే?”

“ఆయమ్మ నమ్మినట్టే ఉంటాదిలే.”

ఏం చెప్పాలో తేలక అసలు టేపే పంపలేదు. ఏడు వారాలు గడిచాయి. అప్పుడు హన్మాండ్లు వాళ్ల పక్కూరాయన ఒకడు సెలవు నుంచి తిరిగొస్తూ ముత్యవ్వ ఇచ్చిన క్యాసెట్ తెచ్చిచ్చాడు.

రూంలో ఆరుగురం. బయటికి వెళ్లమన్నాడు, ఎవరూ కదల్లేదు. టేపు తిరిగింది. చీపురు చప్పుడు. బిందె కింద పెట్టిన చప్పుడు. కోడి. ఎవరిదో సైకిల్ గంట. అరగంటసేపు ఇంటి చప్పుళ్లే, మనిషి మాట లేదు. అన్నంత పనీ చేసింది. హన్మాండ్లు తల వంచుకుని వింటున్నాడు. ఎగతాళి చేద్దామని నోటిదాకా వచ్చింది గానీ చేతకాలేదు. రెండో వైపు తిప్పాడు. మళ్లీ అదే చీపురు, అదే కోడి. అయిపోతుందనగా, మైకుకి బాగా దగ్గరగా ఊపిరి వినిపించింది.

“లేచినవా?”

అంతే, టేపు ఆగిపోయింది.

ఒట్టు తప్పిన సంగతి తెలిసిపోయిందే అని ఇద్దరం ఏడు వారాలు గింజుకున్నాం గానీ, ఆ టేపు ఎక్కడ ఆగిందో ఒక్కరం ఆలోచించలేదు. పడిపోయాడని ఆవిడకి చెప్పింది నేను. లేచాడని ఎవరూ చెప్పలేదు. నా కామెంట్రీ మీద, నా మీద నాకే అసహ్యం వేసింది.

హన్మాండ్లు టేప్‌రికార్డరు మీదికి వంగాడు.

“లేచిన,” అన్నాడు. “లేచిన ముత్తీ. అప్పుడే లేచిన.”

ఎదురుగా మనిషి ఉన్నట్టు అలాగే చెబుతూ పోయాడు. నేను కొత్త క్యాసెట్ వేసి రికార్డు బటన్ నొక్కాను.

“ఇప్పుడు చెప్పన్నా,” అన్నాను.