ఇల్లంతా ఒకే వాసన

పొద్దున్నే గుమ్మం దగ్గరున్న పాల ప్యాకెట్‌ను రెండు వేళ్లతో ఎత్తి తెచ్చి, సబ్బు రాసి కడిగి, బోర్లించిన గిన్నె మీద ఆరబెడుతుంది మా పెద్దమ్మ. తను ముట్టుకుంది కనుక ఆ తర్వాత కుళాయిని కడుగుతుంది. ఆపైన తలుపు గడియను. మహమ్మారి పోయి ఏళ్లు గడిచాయి. ఆమె ఇంట్లో మాత్రం ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది.

ఆస్పత్రిలో పక్క బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసే విభాగంలో పనిచేసి రిటైరయింది పెద్దమ్మ. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అనేది. పుట్టుకతోనే చూపులేని తమ్ముడు, అంటే మా మామయ్య, ఆమె దగ్గరే ఉండేవాడు. ఆయనది పేము కుర్చీలు అల్లే పని. అల్లిక ఎక్కడ కుంగిందో తడిమి చూసి, అందులో కూర్చునే మనిషి బద్ధకాన్ని కూడా చెప్పేవాడు.

ఆ ఇంట్లో మామయ్యకు కర్ర అవసరమయ్యేది కాదు. ఉల్లిపాయల వాసన వస్తే వంటగది, ఇస్త్రీ బట్టల వాసన వస్తే అక్క గది, తడి పేము వాసన వస్తే తన గది. వీధిలోకి వెళ్లినప్పుడు మాత్రం అక్క భుజం మీద చెయ్యి వేసి నడిచేవాడు.

మామయ్య ఊపిరితిత్తులు చిన్నప్పటినుంచీ అంతంతమాత్రమే. జబ్బు వీధుల్లోకి వచ్చిందని తెలిసిన రోజునుంచి పెద్దమ్మకు ఒకటే భయం. తమ్ముడు పోతే ఆ ఇంట్లో తనతో మాట్లాడేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

సరుకుల సంచిని ఒక రోజంతా బాల్కనీలోనే ఉంచేది. కూరగాయలను సబ్బునీళ్లలో నానబెట్టేది. ఒకసారి ఉప్పు ప్యాకెట్‌ను కూడా ముంచితే అది అతుకు దగ్గర చిరిగి ఉప్పంతా రాయి అయింది. పేపరును రెండువైపులా ఇస్త్రీ చేశాకే తమ్ముడికి చదివి వినిపించేది. బల్లలు, స్విచ్చులు, కుర్చీ చేతులు, గోడలు భుజం ఎత్తుదాకా బ్లీచింగ్ నీళ్లతో తుడిచేది.

"అక్కా, బంగాళాదుంపలకి తలంటు అయిందా?"

"అయింది. ఇక నీ వంతు. చేతులు చాపు."

భుజం మీద చెయ్యి కూడా మాన్పించింది. బయటికి వెళ్లాల్సి వస్తే పొడవాటి గొడుగు తెచ్చి, ఒక కొస తను పట్టుకుని రెండోది అతనికి అందించేది.

"గుర్రాన్ని తోలుకెళ్తున్నట్టుంది అక్కా."

"గుర్రమైతే ఈపాటికి చెప్పిన మాట వినేది. నడు."

అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత్తర్వాత మామయ్య బయటికి వెళ్లడమే మానేశాడు. బాగుచేయమని కుర్చీలు తెచ్చేవాళ్లూ లేరు. హాల్లో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చునేవాళ్లు. ఆమె తుడవడానికి లేచినప్పుడే ఇంట్లో చప్పుడయ్యేది.

ఒక మధ్యాహ్నం బ్లీచింగ్ నీళ్లు కలిపి ఖాళీ మంచినీళ్ల సీసాలో పోసుకుని బల్ల తుడుస్తోంది. ఎవరో తలుపు తట్టారు. సీసా చేతికందిన చోట పెట్టి వెళ్లింది. మామయ్య మంచినీళ్ల సీసా ఎప్పుడూ ఉండే చోటు అది. అతను చెయ్యి చాపి, మూత తీసి, గుక్కెడు తాగేశాడు.

నోరు, గొంతు పొక్కిపోయాయి. పెద్దమ్మ గొడుగు సంగతే మరచిపోయి, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తింది. బ్లీచింగ్ నీళ్లలో పలచగా కలిసింది కాబట్టి గండం గడిచిందన్నాడు డాక్టర్. ఇంటికి వచ్చాక ముందు తన చేతులు కడుక్కుంది. తర్వాత అతనివి కడిగింది.

"వాసన రాలేదట్రా నీకు?" అంది ఏడుస్తూ.

"ఇల్లంతా అదే వాసన కదక్కా. అది సీసాలోదో గోడదో ఎలా తెలుస్తుంది?"

గొంతు బాగుపడ్డాక మామయ్య నెమ్మదిగా విషయం కదిపాడు. తను పని నేర్చుకున్న వర్క్‌షాపులో పాత స్నేహితులున్నారు, గదులున్నాయి, అక్కడికి వెళ్తానన్నాడు.

"అక్కడ అంతమంది ఉంటారు. జబ్బు అంటుకుంటుంది."

"అంటుకుంటే అంటుకోనీ. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? అక్కడ ఏది ఎక్కడుందో నాకు తెలుస్తుంది."

అతను వెళ్లిపోయిన వారంలోనే పెద్దమ్మ బ్లీచింగ్ డబ్బాలన్నీ పారేసింది. కిటికీలు తెరిచిపెట్టింది. జబ్బు తగ్గుముఖం పట్టాక ఫోన్ చేసి రమ్మంది. అతను వస్తున్నాడని పనిగట్టుకుని ఉల్లిపాయలు వేయించింది.

మామయ్య గుమ్మంలో నిలబడి గాలి పీల్చాడు. మొహం విప్పారింది. గోడ తడుముకోకుండా తిన్నగా తన గదికి వెళ్లి, సంచి మంచం మీద పెట్టి, హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి లోపల నీళ్లలో గుడ్డ పిండిన చప్పుడు వినిపించింది. అతనికి వినపడకూడదని పెద్దమ్మ ఊపిరి బిగబట్టి సంచి పట్టీలు తుడుస్తోంది.

మామయ్య టీ తాగాడు. పేపరు చదివించుకున్నాడు. సాయంత్రం లేచి సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"కోపమొచ్చిందా?"

"లేదక్కా. నేను కళ్లముందుంటే నీకు భయం. నేను లేకపోతే ఆ భయం తగ్గుతుంది."

"నువ్వు లేకపోతే నాకేమీ తగ్గదురా" అంది పెద్దమ్మ. కానీ ఇక తుడవనని మాత్రం చెప్పలేకపోయింది. అబద్ధమాడితే గొంతుబట్టి అతను పట్టేస్తాడు.

మామయ్య ఇప్పుడు వర్క్‌షాపు గదిలోనే ఉంటున్నాడు. పెద్దమ్మ ఆదివారాలు బస్సెక్కి వెళ్లి చూసొస్తుంది. ఈమధ్యే అతని గదిని ఎవరూ చెప్పకుండానే చేతులు కడుక్కునే ఒక నర్సుకు అద్దెకిచ్చింది.